గోపాల్‌పూర్ హోమ్‌స్టేల మీద రుసుము వేసి పనివాళ్ళకు గదులు కడితే తప్పేంటి?

రుషికుల్య_ఒడ్డు
ఒడిశా తీరంలో టూరిస్టులొచ్చే మన గోపాల్‌పూర్‌లో, లైట్‌హౌస్ చుట్టుపక్కల మొన్నటిదాకా నెల అద్దెకు దొరికిన గదులు ఇప్పుడు రాత్రి లెక్కన పోతున్నాయి. వంటవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు, వాచ్‌మన్లు బరంపురం నుంచి దగ్గర దగ్గర 15 కిలోమీటర్లు రోజూ వచ్చిపోవాలి. నా ప్రతిపాదన ఇది: ప్రతి హోమ్‌స్టే గదికి రాత్రికి వంద రూపాయలు ఎన్‌ఏసీకి, అంటే ఊరి పాలన చూసే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్‌కి, కట్టాలి. ఆ సొమ్ము వేరే ఖాతాలో పెట్టి, ఇక్కడ పనిచేసేవాళ్ళకు తక్కువ అద్దె గదులు కట్టాలి.

ఇది నా బుర్రలో పుట్టింది కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ అని మంచుకొండల ఊరు. 2022 నవంబరులో జనం ఓటు వేసి మరీ టూరిస్టులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్ళ మీద 9 శాతం పన్ను పెట్టుకున్నారు, స్థానికుల ఇళ్ళ కోసం. అదే రాష్ట్రంలో బ్రెకెన్‌రిడ్జ్ ఊరు పడకగదికి ఏడాదికి 400 డాలర్ల రుసుము మొదలుపెట్టింది. అక్కడా ఇదే గొడవ. టూరిస్టులకు గదులున్నాయి, వాళ్ళకు వండిపెట్టేవాళ్ళకు లేవు.

పాతబంగ్లా
బాబూ, మంచుకొండల సంగతి తర్వాత. ఉప్పుగాలి సంగతి తెలుసా మీకు? ఏసీ బయట పెట్టే యూనిట్ రెండేళ్ళకే తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. గ్రిల్స్‌కి ఏటా రంగు వేయాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది. మా వెనక వరండా రేకులు ఎక్కడ పడ్డాయో నేటికీ తెలియదు. అప్పుడు ఏ రుసుముతోనూ ఎవరూ మా ఇల్లు బాగుచేయలేదు. మావారు పోయాక ఈ మూడు గదులు అద్దెకిస్తేనే కొంప నిలబడింది. సీజన్ అంటే దసరాకొచ్చే బెంగాలీలు, ఆపైన డిసెంబరు. మే నెల ఉక్కలో ఎవరొస్తారు? వంద రూపాయలు గెస్టే ఇస్తాడని మీరంటారు. ఇవ్వడు. బేరమాడి నా రేటులోంచే కోయిస్తాడు.

లెక్కల_మాస్టారు
అసలు పాయింటు ఎవరూ పట్టుకోవడం లేదు. వెయ్యి లోపు గదికి 2022 జూలై 18కి ముందు జీఎస్టీ లేదు. ఆ తర్వాత 12 శాతం అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 దాకా ఉన్న గదికి 5 శాతం. యాప్‌లో బుక్ అయితే ఓనరుకి రిజిస్ట్రేషన్ లేకపోయినా యాప్‌వాడే కడతాడు. అంటే పన్ను ఇప్పటికే ఉంది. దాని మీద రాత్రికి వంద అంటే వెయ్యి రూపాయల గదికి పది శాతం, ఐదు వేల గదికి రెండు శాతం. ఇదేం న్యాయం?

రుషికుల్య_ఒడ్డు
సరే మాస్టారూ, శాతమే పెడదాం. ఇప్పుడు చెప్పండి, గదులు కట్టాలా వద్దా?

లెక్కల_మాస్టారు
ముందు జీఎస్టీ కలిపిన రేటు మీద వేస్తారా, కలపని రేటు మీదా? అది తేలకుండా చర్చే అనవసరం.

పఖాళ్_ప్రియుడు
ఇక తెల్లారినట్టే.

తందూరు_తమ్ముడు
నాది ఇచ్ఛాపురం. గోపాల్‌పూర్‌లో ఓ హోటల్ కిచెన్‌లో పని. డ్యూటీ దిగేసరికి అర్ధరాత్రి. ఆ వేళకి ఆటో దొరకదు, దొరికినా వాడు అడిగేది నా ఆ రోజు కూలీలో సగం. జనరేటర్ పక్కన ఓ గదిచ్చారు. ఆరుగురం. నాలుగు పరుపులే పడతాయి, కాబట్టి పొద్దున షిఫ్టువాళ్ళు లేచిన పక్కలోనే రాత్రి షిఫ్టువాళ్ళు పడుకుంటాం. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంటుంది, తలగడ చెమట వాసన. ఫోన్ చార్జింగుకి ఒకటే ప్లగ్గు, దానికీ వంతులే.

అంతకుముందు లైట్‌హౌస్ వెనక వీధిలో అద్దెకుండేవాణ్ణి. దీపావళి ముందు ఖాళీ చేయమన్నారు. ఇప్పుడా గదికి 'సీ వ్యూ' అని బోర్డు పెట్టారు. సముద్రం కనబడాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి.

పాతబంగ్లా
గది ఇవ్వాల్సింది మీ హోటల్ యజమాని. యాభై గదుల హోటళ్ళను వదిలేసి మూడు గదుల ముసలిదాని మీద పడతారేం?

సెస్సు_బాధితుడు
వసూలు చేయడం తేలికే, ఖర్చు పెట్టించడమే కష్టం. నేను చిన్న కాంట్రాక్టరుని. భవన కార్మికుల సంక్షేమానికని కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు కడుతూనే ఉన్నాను. 2018లో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క చూడండి: దేశం మొత్తం మీద 37 వేల కోట్లకు పైగా వసూలైతే, ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. నా దగ్గర సెంట్రింగ్ పనిచేసే మనిషి కూతురి చదువు సాయానికి అర్జీ పెట్టి, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు. ఆ పిల్ల చదువు అయిపోయింది, అర్జీ ఇంకా అక్కడే ఉంది. మీ 'వేరే ఖాతా' కూడా ఇంతే.

రుషికుల్య_ఒడ్డు
అందుకే ఊరి స్థాయిలో ఉండాలంటున్నాను. ఎన్‌ఏసీ గుమ్మంలో నిలబడి అడగొచ్చు. భువనేశ్వర్ వెళ్ళి ఎవరిని అడుగుతాం?

నోలియా_పిల్ల
నాదో ప్రశ్న. ఇంతసేపూ 'స్థానికులు' అంటున్నారు, ఎవరు వాళ్ళు? మేం ఇక్కడ తరాలుగా జాలరులం. మీ గెస్టులు అలలో కొట్టుకుపోతుంటే లాగేది మావాళ్ళే. బస్తీలవాళ్ళకి భూమి హక్కు ఇవ్వాలని 2017లో ఒడిశాలో చట్టం వచ్చింది. ఆ పట్టా పిల్లలకు వస్తుంది, బ్యాంకులో తనఖా పెట్టొచ్చు, అమ్ముకోవడానికి మాత్రం లేదు. మా ఇంటికింకా ఆ కాగితం రాలేదు. తీరంలో ఏం కట్టొచ్చో ఏం కట్టకూడదో చెప్పే కేంద్రం 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ చూస్తే, తీరంలోవాళ్ళు ఇంటి రూపు మార్చకుండా హోమ్‌స్టే పెట్టుకోవచ్చని ఉంది. మా అమ్మ ఒక గది అలా ఇద్దామనుకుంటోంది. ఆవిడా మీకు రుసుము కట్టాలా?

లెక్కల_మాస్టారు
ఇరవై లక్షల టర్నోవరు లోపు నేరుగా ఇచ్చుకుంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదమ్మా.

నోలియా_పిల్ల
జీఎస్టీ నేనడిగానా మాస్టారూ?

తందూరు_తమ్ముడు
పాతబంగ్లా అమ్మగారూ, ఒక్కమాట అడుగుతాను. ఆ మూడు గదుల్లో ఇదివరకు ఎవరుండేవారు?

పాతబంగ్లా
ఉండేవారు. హోటల్ కుర్రాళ్ళే. ఖాళీ చేయించాను, అయితే ఏంటి? అర్ధరాత్రి వచ్చి గేటు కొట్టడం, ఒంటిగంటకి చేపలు వేయించడం, మేడ మీద పాటలు. అద్దె రెండు నెలలు ఆపి మూడో నెల సగం ఇచ్చేవాళ్ళు. నా ఇల్లు, నా ఇష్టం. రుసుమంటారా, ఏడ్చుకుంటూ అయినా కడతాను. కానీ మా వీధిలో పనివాళ్ళకి క్వార్టర్లు కడితే మాత్రం ఊరుకోను. కుటుంబాలతో వచ్చే గెస్టులు ఇక మా గుమ్మం తొక్కుతారా? ఎక్కడో హైవే దగ్గర కట్టుకోండి.

రుషికుల్య_ఒడ్డు
అదీ సంగతి! పొద్దుటినుంచీ తుప్పు, ఫైలిన్, బెంగాలీలు. అసలు మాట ఇప్పుడొచ్చింది. మీకు అడ్డమొచ్చేది డబ్బు కాదు, మనుషులు.

పాతబంగ్లా
మీ ఇంటి పక్క స్థలం చూపించండి, కడదాం.

సెస్సు_బాధితుడు
అన్నా, నువ్వు చెప్పిన స్టీమ్‌బోట్ కథ సగంలో ఆపేశావు. ఆ పన్ను డబ్బుతో బ్రౌన్ రాంచ్ అనే చోట ఇళ్ళు కట్టాలనుకున్నారు. ఆ స్థలాన్ని ఊళ్ళో కలుపుకోవడానికి 2024 మార్చిలో ఓటు పెడితే జనం వద్దన్నారు. అదే ఊరు, అదే జనం. పన్ను వేయడానికి చేతులెత్తారు, ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి దించేశారు.

రుషికుల్య_ఒడ్డు
తెలుసు. అక్కడ ఖర్చెంత అవుతుంది, ఊరు ఎంత పెరిగిపోతుంది అన్న భయాలు కూడా ఉన్నాయి. అన్నీ కలిపి పనివాళ్ళ మీద కోపమనకండి. మనకైతే వందల ఇళ్ళు అక్కర్లేదు. ఖాళీగా పడున్న పాత కట్టడాలు ఒకటి రెండు బాగుచేసినా చాలు. కానీ ఊళ్ళోనే ఉండాలి. హైవే దగ్గర కడితే మళ్ళీ అర్ధరాత్రి ఆటో కోసం చూడాల్సిందేగా.

పాతబంగ్లా
కుటుంబాలకైతే చెప్పండి, కింద గది ఒకటి నెల అద్దెకి నేనే ఇస్తాను. బ్యాచిలర్లకి మాత్రం ఇవ్వను.

తందూరు_తమ్ముడు
నాకు పెళ్ళయి పాప కూడా ఉందమ్మగారూ. ఇద్దరూ ఇచ్ఛాపురంలో ఉన్నారు. గది దొరక్క ఇక్కడ బ్యాచిలర్‌ని.

పఖాళ్_ప్రియుడు
అమ్మగారూ, ఆ కింద గదికి అద్దెంతో ఇక్కడే చెప్పేయండి.

పాతబంగ్లా
నాలుగు వేలు. కరెంటు బిల్లు విడిగా. రెండు నెలల అడ్వాన్సు.

తందూరు_తమ్ముడు
మూడున్నరకి కుదరదా?

నోలియా_పిల్ల
మీ బేరం తెగాక నా ప్రశ్నకీ జవాబు చెప్పండి. మా అమ్మ కట్టాలా, వద్దా?