పీడీ-1 కనిపిస్తే కిల్లర్ టీ కణం అలసిపోయినట్టేనా?

మనిషి రక్తం నుంచి వేరుచేసిన సీడీ8 టీ కణాలతో (ఇవే కిల్లర్ టీ కణాలు) పని చేస్తున్నాను. టీ కణాన్ని మేల్కొలిపే యాంటీ-సీడీ3, యాంటీ-సీడీ28 యాంటీబాడీలున్న పూసలతో ప్రేరేపించాక, కణాల మీది ప్రోటీన్లను కొలిచే ఫ్లో సైటోమెట్రీలో పీడీ-1 (టీ కణానికి బ్రేకు వేసే రిసెప్టార్) బాగా పెరిగింది. చూడగానే మా గైడ్ "ఇవి అలసిపోయాయి" అనేశారు, అంటే ఎడతెగని ప్రేరేపణతో పనిచేసే శక్తి తగ్గిపోయిందని. నాకైతే నమ్మకం కుదరట్లేదు. అప్పుడే మేల్కొన్న కణం మీదా పీడీ-1 వస్తుంది కదా! పైగా ఇవి ఇంటర్‌ఫెరాన్-గామా (చురుకైన టీ కణం వదిలే సంకేత ప్రోటీన్) దండిగా వదులుతున్నాయి, విభజనా ఆగలేదు. అలసటకు గుర్తులుగా చూసే మరో రెండు రిసెప్టార్లు టిమ్-3, లాగ్-3 చూద్దామంటే అవీ ప్రేరేపణతో పెరిగేవే. మరి తేడా ఎలా పట్టుకోవాలి?

ఇంకో చిక్కుంది. ఆ ఇంటర్‌ఫెరాన్ వల్ల టార్గెట్ కణాల (టీ కణాలు చంపాల్సినవి) మీద పీడీ-1కు అతుక్కునే పీడీ-ఎల్1తో పాటు హెచ్‌ఎల్‌ఏ-ఈ అనే ప్రోటీన్ కూడా పెరిగి, టీ కణం మీది ఎన్‌కేజీ2ఏ అనే మరో రిసెప్టార్ ద్వారా బ్రేకు వేస్తుంది. చంపే శక్తి తగ్గితే అది ఏ రిసెప్టార్ పనో తేల్చడానికి పీడీ-1ను, ఎన్‌కేజీ2ఏను అడ్డుకునే రెండు బ్లాకింగ్ యాంటీబాడీలను విడివిడిగా, కలిపి వేసి చూస్తే సరిపోతుందా? ఐసోటైప్ కంట్రోల్ (అదే రకం, కానీ ఆ రిసెప్టార్లకు అతుక్కోని యాంటీబాడీ) ఎలాగూ పెడతాను. చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.