‘చంపను’ అన్న మాటకు స్కైరిమ్‌లో విలువ ఎందుకు లేదు?

గోదారిగట్టు:
స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో పార్థుర్నాక్స్ అనే డ్రాగన్‌ను చంపితే తప్ప ఇకపై సాయం చేయబోమని బ్లేడ్స్ వర్గానికి చెందిన డెల్ఫీన్, ఎస్బర్న్ తేల్చి చెప్పారు. ఆ డ్రాగన్ ఒకప్పుడు ఆటలోని ప్రధాన శత్రువు ఆల్డుయిన్ పక్షాన ఉండి ఘోరాలు చేసిన మాట నిజమే. అయితే తర్వాత మనుషులకు గళవిద్య (మాటనే ఆయుధంగా వాడే శక్తి) నేర్పి, పర్వత శిఖరం మీద ధ్యానంలో కాలం గడుపుతున్న ప్రాణిని ఎందుకు చంపాలని వారిని నిలదీయడానికి నా పాత్రకు సరైన వాక్యం ఒక్కటీ ఇవ్వలేదు. డ్రాగన్‌బోర్న్‌కు, అంటే ఆటగాడి పాత్రకు, అండగా ఉండవలసిన వర్గమే డ్రాగన్‌బోర్న్‌ను శాసిస్తోంది. చంపకపోతే ఆ క్వెస్ట్ (ఆట అప్పగించిన పని) జర్నల్‌లో అలాగే వేలాడుతూ ఉంటుంది. ఇక్కడ మీరేం చేశారు? మంచిచెడులను పాయింట్లలో కొలిచే నైతిక మీటరు లేని ఆట, పాత ల్యాప్‌టాప్‌లో నడిచేది, ఏదైనా ఉందా?

నల్లరేగడి:
నా బాధ ఫాల్అవుట్ 3 గురించి. 2008లో వచ్చిన ఆ ఆట చివర్లో, రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లి ప్రాణం విడవాలి. రేడియేషన్ ఏమీ చేయలేని నా సహచరుడు ఫాక్స్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. వెళ్లమని అడిగితే, ఇది నీ విధి, నేను అడ్డురాను అని నిరాకరించాడు. అంతకుముందు అటువంటి గదిలోకే వెళ్లి నాకోసం వస్తువు తెచ్చిపెట్టినవాడు అతడే! త్యాగం నేను ఎంచుకుంటేనే త్యాగం అవుతుంది. 2009లో బ్రోకెన్ స్టీల్ అనే అదనపు భాగం వచ్చాక గానీ అతణ్ని పంపే వీలు కలగలేదు.

నార్మండీవాసి:
వీటన్నిటికన్నా మాస్ ఎఫెక్ట్ 2 అన్యాయం పెద్దది. నా బృందంలోని మిరాండా, జాక్ గొడవపడినప్పుడు ఇద్దరినీ సమాధానపరచాలంటే పారాగాన్ (కరుణ) పాయింట్లు గానీ రెనెగేడ్ (కాఠిన్యం) పాయింట్లు గానీ బాగా ఎక్కువగా ఉండాలి. సందర్భాన్ని బట్టి ఒకచోట కరుణ, ఒకచోట కాఠిన్యం చూపిన నా నాయకపాత్ర షెపర్డ్‌కు ఆ రెండు వాక్యాలూ బూడిద రంగులో కనిపించాయి, నొక్కడానికి వీల్లేదు. ఆలోచించి నిర్ణయం తీసుకున్నందుకు శిక్ష పడింది.

కృష్ణాతీరం:
నార్మండీవాసి గారూ, ఇది సరైన ఆరోపణ కాదు. రెనెగేడ్ పాయింట్లు వస్తే పారాగాన్ తగ్గదు. రెండూ విడివిడి ఖాతాలు. పాత్ర ఎంచుకున్న క్లాస్ (పోరాట వృత్తి) నైపుణ్యం పెంచుకున్నా ఆ శాతం పెరుగుతుంది.

నార్మండీవాసి:
తగ్గదని నాకూ తెలుసు. అప్పటివరకు మీరు తిరిగిన చోట్ల దొరకగలిగిన పాయింట్లలో మీరు సంపాదించినవి ఎంత శాతమో ఆట లెక్కిస్తుంది. అందువల్ల అవతలి దారిలో పోయిన ప్రతి పాయింటూ ఇవతలి శాతానికి నష్టమే. లెక్క ఎలా జరుగుతుందో తెలుసుకోకుండా సరైనది కాదని తీర్పు చెప్పడం భావ్యమా?

కృష్ణాతీరం:
తీర్పు కాదు, ఆడి చెబుతున్నాను. గొడవలో దూరమైనవారి నమ్మకాన్ని తర్వాత తిరిగి సంపాదించుకోవచ్చు. ఆ సంగతి మీరు ఎందుకు దాచారు?

నార్మండీవాసి:
దానికీ అదే శాతం కావాలి కదండీ! తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టుంది మీ వాదన. 2012లో వచ్చిన మూడో భాగంలో రెండు ఖాతాలనూ రెప్యుటేషన్ అనే ఒకే లెక్క కిందికి కలిపేశారంటేనే, పాత పద్ధతి లోపం తయారీదారులకూ తెలిసిందని అర్థం.

సంభాషణశిల్పి:
నేను ఆటల సంస్థలో సంభాషణల విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఇక్కడ ఎవరూ చెప్పని విషయం చెబుతాను. మీరు కోరే ప్రతి అదనపు వాక్యానికీ జవాబు రాయాలి, ఆ జవాబు వల్ల మారే స్థితిని తర్వాతి ఘట్టాలన్నిటిలో గుర్తుపెట్టుకోవాలి, పరీక్షించాలి. నాయకపాత్రకు గొంతు ఉంటే భారం ఇంకా పెరుగుతుంది. ఫాల్అవుట్ 4లో స్త్రీ పాత్రకూ పురుష పాత్రకూ ప్రతి వాక్యం వేరువేరుగా రికార్డు చేశారు. నాలుగు బటన్లకు నాలుగు జవాబులు కుదించడం సోమరితనం కాదు.

నల్లరేగడి:
వృత్తి అనుభవాన్ని గౌరవిస్తాను గానీ ఈ సమర్థనను ఒప్పుకోలేను. ఫాల్అవుట్ 4లో ఆ నాలుగింటిలో చాలాసార్లు ఒకటి సరే, ఒకటి వెటకారంగా సరే, ఒకటి తర్వాత చూద్దాం, ఒకటి ప్రశ్న. అదే వరుసలోని ఫాల్అవుట్: న్యూ వేగస్‌ను అబ్సిడియన్ సంస్థ దాదాపు 18 నెలల్లో తయారుచేసింది. నాయకపాత్రకు గొంతు పెట్టలేదు, అందుకే వైద్యం తెలిసినవాడు, పేలుడు పదార్థాలు తెలిసినవాడు ఒకే మనిషితో వేరువేరు మాటలు మాట్లాడగలిగారు. గొంతు పెట్టాలన్నది సంస్థ నిర్ణయం. దాని ఖర్చు ఆటగాడి మాటల్లోంచి కోస్తే ఎలా?

మంజీరనీడ:
మీటరు తీసేసినంత మాత్రాన సమస్య తీరదు. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో మీటరు లేదు, సహచరుల ఆమోదం మాత్రమే ఉంది. రెడ్‌క్లిఫ్ అనే ఊళ్లో పిశాచం పట్టిన బాలుణ్ని చంపడమా, తల్లిని బలి ఇవ్వడమా అన్నది ఎంతో బరువైన ఘట్టం. కానీ మాంత్రికులను మనవైపు ఉంచుకుంటే, వాళ్లను పిలుచుకువచ్చి ఇద్దరినీ కాపాడవచ్చు. మనం వెళ్లివచ్చేలోపు పిశాచం ఊరినేమీ చేయదు. అన్నీ దక్కే దారి ఉంటే మిగతా రెండింటినీ ఎంచుకునేవాళ్లు ఎందరు? నాకైతే అది ధర్మసంకటం అనిపించలేదు.

కృష్ణాతీరం:
కష్టపడి ముందుగా మాంత్రికుల గోపురాన్ని కాపాడినవారికి ఆ ఫలితం దక్కడంలో తప్పేముంది? ప్రతి కథలోనూ ఎవరో ఒకరు చనిపోవాలని పట్టుబట్టడం కూడా బలవంతపు నీతే.

మంజీరనీడ:
ముందే కాపాడినవారికి దక్కితే నేనూ ఒప్పుకుంటాను. ఆ క్షణంలో బయలుదేరి గోపురం క్వెస్ట్ మొత్తం పూర్తిచేసి తిరిగి వచ్చినా బాలుడు అలాగే ఉంటాడు. నా అభ్యంతరం అక్కడ.

గోదారిగట్టు:
నా ల్యాప్‌టాప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

నల్లరేగడి:
న్యూ వేగస్ 2010 నాటిది, మీ స్కైరిమ్ కన్నా పాతది, తప్పకుండా నడుస్తుంది. కర్మ మీటరు ఉంది గానీ దారులు మూసేంత బలం దానికి లేదు. వర్గాల్లో మీకున్న పేరే అక్కడ ముఖ్యం. ఇక స్కైరిమ్‌కు పార్థుర్నాక్స్ డైలమా అనే మోడ్ (ఆటను మార్చేందుకు అభిమానులు చేసిన చేర్పు) ఉంది. అది వేసుకుంటే ఆ డ్రాగన్‌ను చంపేది లేదని డెల్ఫీన్‌కు ముఖాముఖి చెప్పవచ్చు.