బొలెరో బ్రేక్ పెడల్ మొదటిసారి దిగిపోతోంది, రెండోసారికి నిలబడుతోంది

గుంటూరు బొలెరో:
అందరికీ నమస్కారం. మాది 2009 మోడల్ బొలెరో. నాన్నగారు పొలం పనులకని కొన్నారు. సీజన్లో వెనక సీట్లు మడిచి మిర్చి టిక్కీలు (బస్తాలు) కూడా దీంట్లోనే యార్డుకు తెస్తాం. కొంతకాలంగా బ్రేక్ తేడాగా ఉంది. మొదటిసారి తొక్కితే పెడల్ సగానికి పైగా దిగిపోతుంది. వదిలి వెంటనే మళ్ళీ తొక్కితే పైనే గట్టిగా ఆగుతుంది. మొన్న కాజ టోల్‌గేట్ దగ్గర ముందున్న లారీ ఆగితే రెండుసార్లు తొక్కాల్సి వచ్చింది. అప్పటి నుంచి అమ్మ ఈ బండి ఎక్కనంటోంది.

ఒక మెకానిక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది) పోయింది, మార్చాల్సిందే అన్నాడు. ఇంకొకాయన బ్రేక్ లైన్లో చేరిన గాలి తీస్తే సరిపోతుందన్నాడు. ముందు చక్రాల ప్యాడ్లు కిందటేడే కొత్తవి వేయించాం. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితే నింపాను, మళ్ళీ కొద్దిగా దిగింది. వచ్చే నెల ఇంటిల్లిపాదీ దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తాడేపల్లి సఫారీ:
బ్రదర్, ముందు ఆయిల్ మొత్తం మార్పించండి. రెండేళ్లకోసారి మార్చాలి, మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. అది బాగయ్యేదాకా ఘాట్ రోడ్డు మాత్రం వద్దు.

ఆటోనగర్ బ్రేకులు:
తమ్ముడూ, మాస్టర్ సిలిండర్ కొనే ముందు ఒక్క గంట బండి దగ్గర కూర్చో. నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా బ్రేకు పనే చేస్తున్నాను. మాస్టర్ సిలిండర్ మార్పించుకుని కూడా అదే పెడల్‌తో వచ్చే బండ్లను చూస్తే బాధేస్తుంది. పోయిన డబ్బు సంగతి అలా ఉంచు, బ్రేక్ బాగైందనుకుని పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళతారు కదా, నా భయం అదీ.

ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి కదలకుండా నిలిపి, పెడల్ ఓ మోస్తరు బలంతో తొక్కి నిమిషం పాటు అలాగే పట్టుకో. కాలి కింద మెల్లగా జారిపోతూ ఉండి, బయట ఎక్కడా తడి కనబడకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయినట్టు. జారకపోతే దాని జోలికి ఇప్పుడే వెళ్లకు.

లైన్లో గాలి ఉంటే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది. నువ్వు చెప్పింది అలా లేదు. మొదటి తొక్కు లోతుగా, రెండోది పైన గట్టిగా ఆగుతోందంటే ఎక్కువగా వెనక డ్రమ్ముల్లో షూకీ (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపేది) డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉంటుంది. మొదటి తొక్కుకు వెళ్లిన ఆయిల్ ఆ సందు దాటించడానికే సరిపోతుంది. షూలు వెనక్కి వచ్చేలోపు మళ్ళీ తొక్కుతావు కాబట్టి రెండోసారికి బ్రేక్ పడుతుంది. హ్యాండ్ బ్రేక్ ఎంత లాగితే పట్టుకుంటోందో కూడా చూడు. అది నెట్టేదీ ఆ షూలనే.

ఇక ఆయిల్ మట్టం. ప్యాడ్లు అరిగేకొద్దీ కాస్త దిగడం మామూలే. నింపాక మళ్ళీ దిగిందంటే మాత్రం ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపూ వేలితో తడిమి చూడు. అక్కడ తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు (కాలి బలాన్ని పెంచే భాగానికి) బిగించిన చోట చూడు. వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి వెళ్లిపోతుంది, నేల మీద ఒక్క చుక్క కూడా కనబడదు. డబ్బా మూతకున్న రబ్బరు ఉబ్బి ఉందేమో కూడా చూడు. ఉబ్బిందంటే ఎవరో అందులో ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారు. అప్పుడు లైన్లో ఉన్న రబ్బర్లన్నీ మార్చాలి, వేరే దారి లేదు.

ఇంకో మాట. టిక్కీలు వేస్తామన్నావు. వెనక కమానుకు (బరువు మోసే పట్టీల స్ప్రింగుకు) అదనపు పట్టీ ఎప్పుడైనా వేయించారా?

గుంటూరు బొలెరో:
అన్నా, మీరు చెప్పినట్టే అన్నీ చూశాను. పెడల్ జారలేదు. హ్యాండ్ బ్రేక్ చివరిదాకా లాగితే గానీ పట్టుకోవడం లేదు. ఎడమ వెనక చక్రం లోపల తడిగా ఉంది, టైరు గోడ మీదికి చార కూడా దిగింది. మూత రబ్బరు బాగానే ఉంది, ఆయిల్ మాత్రం డికాక్షన్‌లా నల్లబడింది. మీరన్నది నిజమే, నాన్నగారు రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేయించారు. దానికీ బ్రేక్‌కీ సంబంధం ఏమిటన్నా?

ఆటోనగర్ బ్రేకులు:
ఉంది తమ్ముడూ. బండి కిందికి వంగి చూడు, వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వుకు సన్నటి కడ్డీ వెళుతుంటుంది. దాన్ని ఎల్‌ఎస్‌పీవీ అంటాం, అంటే లోడును బట్టి ఒత్తిడి సర్దే వాల్వు. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం లేచి ఉంటుంది కదా, ఆ ఎత్తును బట్టి వాల్వు వెనక చక్రాలకు ఒత్తిడి తగ్గిస్తుంది. తగ్గించకపోతే గట్టిగా తొక్కగానే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. లోడు పడి బండి కుంగితే ఒత్తిడిని ఎక్కువగా వదులుతుంది. ఇప్పుడు పట్టీ వేయించారు. టిక్కీలు వేసినా బండి మునుపటిలా కుంగదు. వాల్వు లెక్కలో అది ఇంకా ఖాళీ బండే. అంటే సరిగ్గా బరువున్నప్పుడే వెనక బ్రేక్ తక్కువ పడుతుంది, భారమంతా ముందు ప్యాడ్లు మోస్తాయి. ఆ ప్యాడ్లు ఎంత త్వరగా అరిగాయో నాన్నగారిని అడుగు.

ఆ పట్టీలు తీయించి, కడ్డీని కొలతకు పెట్టించమనే నా సలహా. కొందరు కడ్డీని తీగతో పైకి కట్టేస్తారు, ఇంకొందరు వాల్వే తీసేసి పైపులు కలిపేస్తారు. ఒప్పుకోవద్దు. వానలో ఖాళీ బండితో బ్రేక్ కొట్టినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఆ తడి ఎడమ వీల్ సిలిండర్‌ది, షూలను డ్రమ్ము వైపు నెట్టేది అదే. సిలిండర్ గోడకు గుంటలు పడి ఉంటే రబ్బర్ కిట్ వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. కుడివైపుదీ అదే వయసుది కాబట్టి రెండూ కలిపి మార్పించు. షూలు కూడా రెండు వైపులా జతగానే. షూ మీద ఆయిల్ తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్ళీ బిగించేవాళ్లున్నారు. నాలుగుసార్లు వేడెక్కగానే లోపలి ఆయిల్ పైకి తేలి బండి ఒక పక్కకు లాగుతుంది. రబ్బర్లకు పెట్రోలు, డీజిల్ తగలనివ్వకు, ఉబ్బిపోతాయి. డ్రమ్ము లేత్ మీద పెట్టించే ముందు దాని మీద పోతపోసి ఉన్న గరిష్ఠ వ్యాసం అంకె చదవమను. అది దాటితే కొత్త డ్రమ్మే. దుమ్మును గాలితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిపి తుడవాలి.

షూ సందును సర్దే అడ్జస్టర్లు తుప్పు పట్టి ఉంటాయి. శుభ్రం చేసి, డ్రమ్మును చేత్తో తిప్పితే సన్నగా రాసుకునేదాకా సర్దాలి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఆ తర్వాతే ముట్టుకోవాలి. ముందే కేబుల్ బిగిస్తే లివర్ బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ అడ్జస్టర్ అలాగే మొండికేసి ఉంటుంది. రబ్బరు హోస్ పైపులు అప్పటివే అయితే అన్నీ మార్చెయ్. పైకి బాగున్నా లోపల వాచి దారి మూసుకుపోతుంది, కాలు తీసినా చక్రం వదలదు.

డబ్బా మూత మీద ఏ డాట్ (బ్రేక్ ఆయిల్ గ్రేడు) రాసి ఉందో ఆ ఆయిలే, సీలు తీయని డబ్బాలోది పోయించు. ఈ ఆయిల్ తేమ పీలుస్తుంది. డాట్ 3 కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 140. డాట్ 4కి 230, 155. నీ నల్లబడ్డ ఆయిల్ ఘాట్ దిగుతుండగా మరిగిందంటే పైపుల్లో ఆవిరి చేరి పెడల్ నేలకు తగులుతుంది. గాలి తీసేటప్పుడు ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు, ఈ వరసలో రావాలి. అప్పుడు బండిని ఎత్తి నిలిపే స్టాండ్లు యాక్సిల్ కింద ఉండాలి. ఛాసిస్ కింద పెట్టి యాక్సిల్‌ను వేలాడదీస్తే వాల్వు వెనక చక్రాలకు ఆయిల్ సరిగ్గా వదలదు, గాలి లోపలే ఉండిపోతుంది.

ఇవన్నీ అయ్యాక హాయిగా శ్రీశైలం వెళ్లండి. దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో జారవద్దు, బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది.

తాడేపల్లి సఫారీ:
అన్నగారూ, మా బండికీ పట్టీలు వేయించాం. కడ్డీ కొలత ఎక్కడ దొరుకుతుంది? పట్టీలు ఉంచుకునే సెట్ చేయించుకోవచ్చా?

ఆటోనగర్ బ్రేకులు:
కొలత మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్లో ఉంటుంది. కానీ అది కంపెనీ కమానుకు చెప్పిన కొలత, మీ పట్టీలతో కుదరదు. అందాజుగా పెడితే ఖాళీగా ఒకలా, లోడుతో ఒకలా పడుతుంది. నేనైతే పట్టీలు తీయకుండా ఆ కడ్డీ ముట్టుకోను. పెద్ద లోడు ఉన్న రోజు ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.