స్లో ఛార్జర్లకు యూనిట్ రేటా, గంట రేటా?

ఆఫీసు పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ కార్లకు 7.4 కిలోవాట్ల ఏసీ (స్లో) ఛార్జర్లు నడుపుతున్నాను. సింగిల్ ఫేజ్, 32 ఆంపియర్లు. ఉదయం 9కి ప్లగ్ పెట్టిన కారు మధ్యాహ్నానికల్లా ఇరవై యూనిట్లు ఎక్కించుకుని నిండిపోతుంది, కానీ సాయంత్రం 6 దాకా అక్కడే. యూనిట్ రేటుతో కరెంటు బిల్లు, ఫిక్స్‌డ్ ఛార్జీలు పోగా ఏమీ మిగలడం లేదు. గంట రేటు పెట్టి చూశాను. కారు లోపలి ఛార్జర్ 3.3 కిలోవాట్లే ఉన్నవాళ్లు, అదే గంటలో తమకు తక్కువ యూనిట్లే ఎక్కుతాయని గొడవ చేశారు, అదీ న్యాయమే. నిండిన అరగంట తర్వాత ఐడిల్ ఫీజు (ఊరికే ఆపి ఉంచినందుకు రుసుము) వేస్తే మీటింగ్ మధ్యలో ఎలా తీస్తామంటున్నారు. లోడ్ షేరింగ్‌తో (ఉన్న కరెంటునే పాయింట్లన్నిటికీ పంచి) ఒక్కో పాయింటును 16 ఆంపియర్లకు తగ్గించినా ఆదాయం పెరగలేదు. డీసీ ఫాస్ట్ ఛార్జర్ సలహా మాత్రం వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు భరించలేను.

ఇలా రోజంతా కార్లు ఆగే చోట స్లో ఛార్జర్లు నడిపేవాళ్లు ఏ పద్ధతిలో డబ్బు తీసుకుంటే గిట్టుబాటు అయింది?