చదువు సైట్లకు డేటా ఉచితం చేస్తే ఎవరికి నష్టం?

మెట్టుగూడ మాస్టారు:
పదవీ విరమణ తర్వాత సాయంత్రాలు పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొన్న ఒక అమ్మాయి ఫోనులో పాత ప్రశ్నపత్రం తెరవబోయింది. స్కాన్ చేసిన పీడీఎఫ్, 12 ఎంబీ. రోజుకిచ్చే 1.5 జీబీ అప్పటికే అయిపోయి, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయింది. 12 ఎంబీ అంటే 96 మెగాబిట్లు. దాన్ని సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున లాగితే 1500 సెకన్లు, అంటే 25 నిమిషాలు. లెక్క సరిపోతుందో లేదోనని గడియారం పెట్టుకుని చూశాను. ఇంకా ఎక్కువే పట్టింది. గంట క్లాసులో సగం ఆ తిరిగే చక్రానికే పోయింది.

ఏ టెలికం కంపెనీ అయినా ముందుకు వచ్చి, విశ్వవిద్యాలయాల సైట్లు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ సైటు, పాఠాల సైట్లు డేటా లెక్కలోకి రాకుండా ఇస్తానంటే కుదరదట. 2016 ఫిబ్రవరి 8న టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధన ప్రకారం, చూసే సైటును బట్టి డేటా ధర మార్చకూడదు. మారిస్తే రోజుకు 50 వేల రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. ఆకలిగా ఉన్నవాడికి పప్పన్నం పెట్టబోతే, విందు భోజనం పెట్టగలిగితేనే పెట్టు అని చేయి పట్టుకుని ఆపినట్లు లేదా? తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ప్రయాణం ఉచితం. మగవాళ్లకు అన్యాయమని దాన్ని ఆపామా?

కూకట్‌పల్లి కోడర్:
మాస్టారూ, బస్సు మాట మీరే ఎత్తారు కాబట్టి అందులోనే కూర్చుని మాట్లాడుకుందాం. జీరో టికెట్టు చేతిలో ఉన్న ఆవిడతో కండక్టరు, "నువ్వు కోఠిలో దిగడానికి లేదు, మా బావమరిది చీరల కొట్టు దగ్గరే దిగాలి" అనడు. 2015లో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి మన దేశానికి తెచ్చిన ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ మాత్రం అలా అనే బస్సే: వాళ్ల జాబితాలోని సైట్లే ఉచితం. తర్వాత ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చుకుంది, దారి మార్చుకోలేదు. ఎక్కడెక్కడ ఆగాలో ప్రయాణికుడి చేతిలో లేదు. అదే ఏడాది ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. యాప్ యజమాని డబ్బు కడితే వాడేవాళ్లకు ఆ యాప్ ఉచితం. ఫ్లిప్‌కార్ట్ చేరబోయి, జనం మండిపడేసరికి తప్పుకుంది. అప్పట్లో ట్రాయ్‌కి వెళ్లిన ఈమెయిళ్లు పది లక్షలు దాటాయి. అందులో ఒకటి నాది. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను, పరీక్ష ముందు రోజు రాత్రి పంపాను. పరీక్ష సంగతి అడగకండి.

ఇప్పుడు నా గోడు. ఇద్దరం కలిసి తెలుగు మాధ్యమం అభ్యర్థుల కోసం ప్రశ్నల సైటు నడుపుతున్నాం. ఆఫీసు అంటే మా మేడ మీది గది. మీరు చెప్పే చదువు సైట్ల జాబితాలో మా పేరు ఎవరు రాస్తారు? దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలి? బస్సుల వెనక నిలువెత్తు ప్రకటనలు వేసే కోచింగ్ కంపెనీ పేరు మొదటి వరుసలో ఉంటుంది. అది ఉచితం, మాది డబ్బు. రేపు మీ శిష్యురాలే మా సైటు తెరవదు. నేను ఆ అమ్మాయిని తప్పు పట్టను కూడా.

టవర్ నీడ:
ఇరవై ఏళ్లకు పైగా నెట్‌వర్క్ పనిలో ఉన్నాను, కాబట్టి నాది కంపెనీ గొంతు అనుకున్నా ఫర్వాలేదు. అంతా ఇప్పుడు సమానంగానే నడుస్తోందన్నట్లు మాట్లాడుతున్నారు. పెద్ద వీడియో కంపెనీలు తమ సర్వర్లను తెచ్చి ఇక్కడే, నెట్‌వర్క్ కంపెనీల భవనాల్లోనే పెట్టుకుంటాయి. మీరు రాత్రి చూసే సినిమా అమెరికా నుంచి ఈదుకుంటూ రావడం లేదు. ఊళ్లోనే ఒక చల్లటి గదిలో ఉన్న పెట్టెలోంచి వస్తోంది. అందుకే ఆగదు. 2017 నవంబరులో ట్రాయ్ చేసిన సిఫార్సులు ఈ ఏర్పాటును నెట్ న్యూట్రాలిటీ, అంటే అన్ని సైట్లనూ ఒకేలా చూడాలన్న సూత్రం, పరిధిలోంచి మినహాయించాయి. 2018లో కేంద్రం ఆ సిఫార్సులను ఆమోదించింది. అంటే డబ్బున్నవాడికి దగ్గరి దారి ఇప్పుడూ ఉంది. అలాంటప్పుడు స్పెక్ట్రం కొన్నది, టవర్లు కట్టింది ఒకరు, రద్దీ పెంచేది మరొకరు అయితే, ఆ పెంచేవాళ్లు ఖర్చులో వాటా ఇస్తే తప్పేమిటి?

కూకట్‌పల్లి కోడర్:
ఆ పెట్టె నా దారికి అడ్డం రాదు. పైగా మీ కేబుళ్ల మీద బరువు తగ్గిస్తుంది. ఇక వాటా సంగతి. వీడియో చూసేవాడు డేటాకు డబ్బు కట్టే చూస్తున్నాడు. ఆటోవాడు ఎక్కినవాడి దగ్గర మీటరు డబ్బు తీసుకుని, దిగిన ఇంటి తలుపు కూడా కొట్టి "మీ చుట్టాన్ని తెచ్చాను, మీరూ ఇవ్వండి" అంటే ఊరుకుంటారా? దక్షిణ కొరియాలో పంపేవాడి దగ్గర కూడా వసూలు చేసే పద్ధతి ఉంది. ఆ నెట్‌వర్క్ రుసుములు భరించలేమంటూ లైవ్ వీడియోల సైటు ట్విచ్ 2024 ఫిబ్రవరిలో అక్కడ దుకాణం మూసేసింది. ట్విచ్ అమెజాన్‌ది. వాళ్లే భరించలేకపోతే మా మేడ మీది గది ఎంత?

గేటు లోపలివాడు:
ట్రాయ్ వరకూ, కొరియా వరకూ వెళ్లనవసరం లేదు, మియాపూర్‌లో మా అపార్ట్‌మెంటుకు రండి. 140 ఫ్లాట్లు. ఒకే ఒక్క ఇంటర్నెట్ కంపెనీకి అనుమతి. రెండో కంపెనీ కుర్రాడు కేబుల్ చుట్ట భుజాన వేసుకుని వస్తే, వాచ్‌మన్ రిజిస్టరులో సంతకం పెట్టించుకుని మరీ వెనక్కి పంపాడు. ఎందుకని అసోసియేషన్‌ను అడిగితే సర్వసభ్య సమావేశంలో చెబుతామన్నారు. ఆ సమావేశం రెండేళ్లుగా జరగలేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో రథం ఊరేగింపులో విద్యుదాఘాతానికి ప్రాణాలు పోయాక, నగరంలో స్తంభాల మీది ఇంటర్నెట్ కేబుళ్లు కోశారు. పోయింది మనుషులు, కోయడాన్ని తప్పనను. కానీ మా వీధిలో అందరికీ సమానమైన ఇంటర్నెట్ చూసింది ఆ రెండు రోజులే. ఎవరికీ లేదు.

మెట్టుగూడ మాస్టారు:
గేటు గారూ, మీది వేరే చర్చ. దానికీ నేను వస్తాను.

కోడర్ గారూ, చీరల కొట్టు నాకు తగిలింది, ఒప్పుకుంటున్నాను. కంపెనీ జాబితా రాయకూడదు. మరి ప్రభుత్వం రాస్తే? 2020 సెప్టెంబరులో బడులు మూతపడి ఉన్నప్పుడు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వేశారు. ఫోను లేని పిల్లలు కూడా టీవీ ముందు కూర్చుని చూశారు. ఏ పాఠం వేయాలో అప్పుడూ ఎవరో ఒకరు ఎంచుకున్నారు కదా?

టవర్ నీడ:
అత్యవసర పరిస్థితుల్లో ధర తగ్గించడానికి 2016 నిబంధనలోనే వెసులుబాటు ఉంది మాస్టారూ. ఏడు పనిదినాల్లో ట్రాయ్‌కి తెలపాలి, అంతే. మీ శిష్యురాలి పరీక్షను అత్యవసర పరిస్థితి కింద రాయడం మాత్రం కష్టం.

కూకట్‌పల్లి కోడర్:
టీవీలో ఒక పాఠం వస్తుంటే రెండోదానికి చోటుండదు కాబట్టి ఎంచుకోక తప్పదు. నెట్‌లో ఆ ఇబ్బంది లేదు. జాబితా అవసరం లేని దారి ట్రాయ్ 2016 డిసెంబరులోనే చూపింది: పల్లెల్లోని వాడుకరులకు నెలకు 100 ఎంబీ ఉచితంగా ఇవ్వమని సిఫార్సు చేసింది. ఏ సైటుకు వాడుకోవాలో వాళ్ల ఇష్టం. నేను కోరేది అలాంటిదే, కొంచెం పెద్దది.

మెట్టుగూడ మాస్టారు:
కొంచెమా? 100 ఎంబీ అంటే ఆ అమ్మాయి ప్రశ్నపత్రాలు ఎనిమిది. అదీ పల్లెల్లో ఉంటే. మెట్టుగూడ పల్లె కాదు కాబట్టి సున్నా.

ఇంకో మాట చెప్పకపోతే నా వాదనకు నేనే తొండి చేసినట్లవుతుంది. నిన్న ఆ ఫోనులో డేటా ఎటు పోతోందో ఇద్దరం కూర్చుని చూశాం. సాయంత్రం ఆరు లోపే తమ్ముడు హాట్‌స్పాట్ పెట్టించుకుని క్రికెట్ వీడియోలు చూస్తాడు. ఆ తర్వాత వాళ్ల అమ్మ ఫోను కూడా దానికే తగులుకుంటుంది. ఇంట్లో రీఛార్జి ఒకటి, వాడేది నలుగురు.

కూకట్‌పల్లి కోడర్:
మాస్టారూ, మా సైటులో ప్రశ్నపత్రాలు స్కాన్లు కావు. కూర్చుని టైపు చేయించాం. పత్రం మొత్తం 90 కేబీ లోపే.

మెట్టుగూడ మాస్టారు:
90 కేబీ అంటే 720 కిలోబిట్లు, 64తో భాగిస్తే పదకొండు సెకన్ల పైచిలుకు. లింకు పంపండి. ఈ రాత్రి తొమ్మిదింటికి, డేటా అయిపోయాక, అదే ఫోనులో గడియారం పెట్టుకుని చూస్తాను. పదిహేను సెకన్లు దాటితే మళ్లీ ఇక్కడికే వస్తాను.