మూడు నెలలు కొరియా బడిలో టీచరుగా: శని, ఆదివారాల్లో ఏ ఊళ్లు చూడాలి?

మక్తల్_సోషల్
నమస్తే. టీచర్ల మార్పిడి కింద సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దక్షిణ కొరియాలో ఒక మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పాలి. ఉండేది సియోల్ దగ్గర, తిరగడానికి శని, ఆదివారాలే. ప్యాలెస్‌ల ముందు ఫొటోలకంటే, తిరిగొచ్చినంక పిల్లలకు ముడుమాల్ నిలువురాళ్లు, నాగార్జునకొండ పాఠాల పక్కన పెట్టి చెప్పగలిగేవి కావాలి. ఏ ఊళ్లకు పోవాలి? అక్కడి టీచర్లతో, వాళ్ల ఇండ్లల్లో ఎట్ల మెలగాలి? నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను.

రాకాసిగుడి
మేడమ్, ముడుమాల్ పేరెత్తిండ్రు కాబట్టి ముందు గొచాంగ్ పోండి. మన దిక్కు రాకాసి గుళ్లు అంటమే, అసొంటి బండ సమాధులను వాళ్లు ‘గొఇందోల్’ అంటరు. కింద ఆసరా పెట్టి నిలిపిన రాయి అని అర్థం. గొచాంగ్, హ్వాసున్, గంగ్‌హ్వా, ఈ మూడు చోట్లవి 2000లో యునెస్కో జాబితాకెక్కినయి. గొచాంగ్‌లో కొండ వాలు పొడుగునా నాలుగు వందలకు పైనే ఉన్నయి.

గంగ్‌హ్వాలోని పెద్దది బల్ల రకం. పలక రాళ్లు నిలబెట్టి మీద పెద్ద బండ పరిచిండ్రు, ఎత్తు 2.6 మీటర్లు. దూరం నుంచే తెలుస్తది. గొచాంగ్‌లో దక్షిణపు రకం ఎక్కువ. శవాన్ని పెట్టిన గది భూమిలో ఉంటది, పైన పొట్టి గుండ్ల మీద మందపాటి బండ. నిలబడి చూస్తే మన చెలకల్ల పడి ఉండే గుండు లెక్కనే కొడుతది, చాలామంది అట్లనే దాటిపోతరు. మోకాళ్ల మీద కూసొని బండ కిందికి చూడాలె. కుండ కింద పొయ్యిరాళ్ల లెక్క చిన్న గుండ్లు కనపడితే అది మనుషులు పెట్టిన బండ. ఆ కోణంలో తీసిన ఫొటోనే క్లాసులో పనికొస్తది. పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి.

ఒక్క జాగ్రత్త. ముడుమాల్‌వి నిలువురాళ్లు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వచ్చినయి. అవి సమాధి మీది కప్పులు కావు. రెండూ ఒకటే అని పిల్లలకు చెప్పొద్దు. పెద్ద బండలను మనుషులే కదిలించిండ్రు, ఆ పని ఒక్కరితోని అయ్యేది కాదు అన్న దాకా పోలిస్తే చాలు.

సియోల్ సెంట్రల్ సిటీ టెర్మినల్ నుంచి గొచాంగ్‌కు ఎక్స్‌ప్రెస్ బస్సు, మూడు గంటల పైన పడుతది. అక్కడి నుంచి డోల్మెన్ (గొఇందోల్‌కు ఇంగ్లిషు పేరు) మ్యూజియానికి టాక్సీ. చుసోక్ పండుగ వాళ్ల ఎనిమిదో నెల పున్నమికి, అంటే మన బతుకమ్మకు అటో ఇటో పడుతది. ఆ వారం దేశమంతా సొంతూళ్లకు కదులుతది, రైళ్లు, బస్సులు దొరకవు. ఆ మూడు రోజులు ఉన్నచోటనే ఉండేట్టు చూసుకోండి.

విజయపురి_దారి
గ్యోంగ్జును వదలొద్దు. సిల్లా రాజ్యానికి దాదాపు వెయ్యేళ్లు రాజధాని. సియోల్ నుంచి కేటీఎక్స్ రైలు రెండు గంటలే గానీ స్టేషన్ ఊరి బయట ఉంటుంది, అక్కడి నుంచి మళ్లీ సిటీ బస్సు ఎక్కాలి. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి, ఒక్క రోజులో అయ్యేది కాదు.

మొదట చోన్మాచోంగ్ సమాధి. 1973లో తవ్వారు, లోపలికి నడిచి వెళ్లొచ్చు. చెక్క గది కట్టి, దాని మీద రాళ్లు గుట్టగా పోసి, ఆ పైన మట్టి కప్పారు. చెక్క కుళ్లగానే రాళ్లు లోపలికి కుప్పకూలాయి. లోపలికి దారంటూ లేకపోవడంతో దొంగలకు తవ్వడం కష్టమైంది. బంగారు కిరీటం మనదాకా వచ్చింది అందుకే.

తర్వాత సోక్కురమ్ అనే బుద్ధుడి గుడి. 751లో మొదలుపెట్టారు. అజంతాలాగా కొండను తొలిచిన గుహ కాదిది. గ్రానైటు దిమ్మెలను గోపురంలా పేర్చి, మీద మట్టి కప్పిన కట్టడం. పాలమూరు రాళ్లతో పెరిగినవాళ్లకు ఆ నునుపు వెనకున్న చాకిరీ వెంటనే తెలుస్తుంది. జపాన్ పాలనలో, 1913 తర్వాత, బాగుచేస్తామని చుట్టూ కాంక్రీటు పోశారు. గాలి ఆడక లోపల చెమ్మ పట్టింది. ఆ చెమ్మతో పోరు ఇప్పటికీ సాగుతోంది కాబట్టే అద్దం ఇవతల నుంచి చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. పాత కట్టడానికి సిమెంటు పూస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఇక నాగార్జునకొండ సంగతి. 8వ శతాబ్దంలో హ్యేచో అనే సిల్లా భిక్షువు మన దేశమంతా తిరిగి యాత్ర రాశాడు. దక్షిణ దేశపు కొండల్లో నాగార్జునుడు యక్షులతో కట్టించిన పెద్ద ఆరామం ఉందనీ, అప్పటికే అది పాడుబడి ఉందనీ అందులో ఉంది. ఆ ప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది, ఇప్పుడు పారిస్‌లో ఉంది. అది మన నాగార్జునకొండే అని మాత్రం రూఢిగా చెప్పొద్దు. కొరియాలో నాగార్జునుణ్ణి ‘యోంగ్సు’ అంటారు. ఏ గుళ్లోనైనా భిక్షువుతో ఆ పేరు చెప్పి, మాది ఆ దిక్కే అనండి. మాట అక్కడి నుంచి సాగుతుంది.

పచ్చిపులుసు
అక్కా, తిండి సంగతి నేను చెప్తా. కిమ్చీ అంటే ఆకుకూర పచ్చడే గదా అనుకోవద్దు, చాలావాటిల్లో ఉప్పు రొయ్యలో చేపల రసమో ఉంటది. సూపులకు ఎండు నెత్తళ్ల నీళ్లే వాడతరు. ‘శాకాహారిని’ అని ఒక్క ముక్క చెప్తే ముక్కలు తీసేసి అదే చారు పోస్తరు. ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పాలె: “కోగి, సెంగ్సోన్, కేరాన్, చొక్కల్, మ్యోల్చి యుక్సు అన్ మొగొయో.” మాంసం, చేప, గుడ్డు, ఉప్పేసి ఊరబెట్టిన చేపలు రొయ్యలు, నెత్తళ్ల చారు తినను అని. తోటి టీచరుతో వాళ్ల లిపిలో రాయించుకొని ఫోన్‌లో పెట్టుకోండి.

బడి భోజనం మెనూలో ప్రతి వంటకం పక్కన అలర్జీ అంకెలుంటయి. 1 గుడ్డు, 9 రొయ్య, 10 పంది, 15 కోడి, 16 ఎద్దు, 17 స్క్విడ్, 18 గుల్లలు. నెత్తళ్లకు ఆ జాబితాలో అంకె లేదు. అంకె లేదని చారు తాగితే అక్కడనే మోసపోతరు. గుళ్లల్లో వండే తిండి మీకు నిశ్చింత. మాంసం, చేప, గుడ్డు ఉండయి, ఉల్లి, ఎల్లిపాయ కూడా వెయ్యరు.

ఇండ్లకు పోయినప్పుడు చెప్పులు గడప దగ్గరనే. ఏదిచ్చినా, తీసుకున్నా రెండు చేతులతోని. పెద్దాయన చెంచా ఎత్తినంకనే మనం ఎత్తాలె. అన్నం గిన్నె బల్ల మీదనే ఉండాలె, చెంచాతోని తినాలె. చాప్‌స్టిక్స్ అన్నంల నిటారుగా గుచ్చొద్దు, అది పోయినోళ్లకు పెట్టే అన్నానికి గుర్తు. వయసు అడిగితే ఏమనుకోవద్దు, ఎట్ల పిలవాలో తెల్సుకునేటందుకే అడుగుతరు. టీచర్లను ఇంటిపేరుకు ‘సొన్‌సెంగ్‌నిమ్’ కలిపి పిలవాలె, కిమ్ సొన్‌సెంగ్‌నిమ్ అని. ఇంకోటి టీచర్లకే పనికొచ్చేది: ఎర్ర పెన్నుతోని పిల్లల పేర్లు రాయొద్దు, చావు గుర్తు కింద లెక్క. తప్పులు దిద్దుకోవచ్చు, పేరు మాత్రం నల్లటి పెన్నుతోనే.

బహుమతుల చట్టం 2016 నుంచి గట్టిగున్నది, టీచర్లకు కూడా వర్తిస్తది. ఒక్కొక్కరికి పట్టుచీరె ఇస్తే వాళ్లను ఇరకాటంల పెట్టినట్టే. క్లాసు గోడకు వేలాడదీసే చిన్న పోచంపల్లి గుడ్డ బడికిస్తే సరిపోతది. పండ్లు, విత్తనాలు తీసుకపోవద్దు, ఎయిర్‌పోర్టుల ఆపుతరు.

నల్లగొండ_నడక
గిమ్హే కూడా కలపండి మేడమ్. అయోధ్య నుంచి పోయిన రాకుమారి హొ హ్వాంగోక్ సమాధి ఉందక్కడ.

విజయపురి_దారి
చూడదగ్గదే. కానీ ఆ కథ ఉన్న ‘సంగుక్ యుసా’ 13వ శతాబ్దపు పుస్తకం. కథలో ఆమెకు అక్కడి రాజుతో జరిగిన పెళ్లి క్రీ.శ. 48 నాటిది. అందులో ఉన్నది ‘అయుతా’ అనే పేరే. అది అయోధ్యేనా అన్నది తేలలేదు. చరిత్రగా కాదు, కథగానే చెప్పండి.

మక్తల్_సోషల్
అందరికీ దండాలు. గొచాంగ్, గ్యోంగ్జు ఖాయం చేసుకున్న. ఊళ్లో బస్సులకు గూగుల్ మ్యాప్ సరిపోతదా?

రాకాసిగుడి
చాలదు, నడక దారులు సరిగ్గ చూపదు. నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ ఎక్కించుకోండి. కిరాణా కన్వీనియెన్స్ స్టోర్లల్ల బస్సు చార్జీ కట్టే టీ-మనీ కార్డు దొరుకుతది, అందుల పైసలు నింపేటందుకు నగదు దగ్గర పెట్టుకోండి. ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలె. మరిస్తే 30 నిమిషాల లోపు మారే బస్సుకు రావాల్సిన రాయితీ పోతది.