అరకు కాఫీలోకి ఏ పాలు బాగుంటాయి? ఫ్రెష్ క్రీమ్ వేస్తే తెల్ల తునకలు ఎందుకు తేలుతున్నాయి?

ప్రశ్న – సీతమ్మధార

అందరికీ నమస్తే అండి. వాడేది చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలపని అరకు అరాబికా పొడి, స్టీలు ఫిల్టరు. 20 గ్రాముల పొడికి 120 మి.లీ. వేడినీళ్లు పోస్తే సుమారు 80 మి.లీ. డికాక్షన్ దిగుతోంది, అంటే రెండు కప్పులకి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలు కలిపితే పాల రుచే తప్ప కాఫీ రుచి తెలియడం లేదు. ఆ పాలల్లో నీళ్లు కలిపితే కాఫీ పలచన. పాలు మానేసి టెట్రాప్యాక్ ఫ్రెష్ క్రీమ్ రెండు చెంచాలు వేస్తే పైన తెల్ల తునకలు, అంచున నూనె చుక్కలు. పాలపొడి, క్రీమర్, కండెన్స్‌డ్ మిల్క్ కూడా దుకాణంలో ఉన్నాయి, ఏది దేనికి పనికొస్తుందో చెప్పండి. ఇంట్లో ఒకరికి పాలు పడవు, వాళ్లకేం వాడాలి?

జవాబు 1 – గాజువాక

ముందు ప్యాకెట్ మీద రెండు అంకెలు చూడండి, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్. ప్యాకెట్ రంగును నమ్మొద్దు, డెయిరీకో రంగు ఉంటుంది. డబుల్ టోన్డ్‌లో వెన్న 1.5, ఎస్‌ఎన్‌ఎఫ్ 9. టోన్డ్‌లో 3, 8.5. స్టాండర్డైజ్డ్‌లో 4.5, 8.5. ఫుల్ క్రీమ్‌లో 6, 9. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న కాకుండా పాలల్లో ఉండే మాంసకృత్తులు, పాల చక్కెర, లవణాలు. కాఫీ నోటికి నిండుగా తగలడానికి వెన్న ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. మీరు నీళ్లు కలిపినప్పుడు రెండూ కలిసి పడిపోయాయి, అందుకే పలచన.

చికోరీ ఉన్న పొడి అయితే డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగి 6 శాతం వెన్నను కూడా మోస్తుంది. ఒట్టి అరాబికాలో ఉండే సన్నటి పులుపు, పరిమళం ఆ వెన్న కింద అణిగిపోతాయి. కాబట్టి టోన్డ్ పాలకి మారండి. 40 మి.లీ. డికాక్షన్‌కి 70 నుంచి 80 మి.లీ. పాలు చాలు. ఇంకొంచెం నిండుదనం కావాలంటే స్టాండర్డైజ్డ్ తీసుకోండి, అంతకు మించి వద్దు.

పాలకేంద్రం నుంచి గేదె పాలు తెచ్చుకునేవాళ్లు కూడా నీళ్లు కలపక్కర్లేదు. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో ఆరేడు గంటలు ఉంచి మీగడ తీసేయండి. వెన్న తగ్గుతుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ అలాగే ఉంటుంది. ఆ పాలతో కాఫీ చాలా బాగుంటుంది. హోమోజినైజ్ చేసిన, అంటే వెన్నని సన్నటి బిందువులుగా చిదిపి పాలల్లో కలిపేసిన, ప్యాకెట్ పాలకి అంత మందంగా మీగడ కట్టదు. తీసిన మీగడని మాత్రం కప్పులో వేయకండి, అది కరగదు, నూనె వదులుతుంది.

పాలని ఒక్క పొంగు రానిచ్చి దించండి. అదే పనిగా మరిగిస్తే వచ్చే ఉడుకు వాసన అరకు కాఫీ పరిమళాన్ని మింగేస్తుంది. నురగ కోసం గిలక్కొట్టేవాళ్లకి 60–65 డిగ్రీల వేడి సరిపోతుంది.

జవాబు 2 – మధురవాడ

తునకల సంగతి చెబుతాను. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పాలల్లోని కేసీన్ అనే మాంసకృత్తి 4.6 పీహెచ్ దగ్గర పూర్తిగా గడ్డకడుతుంది. పాలు కలపని కాఫీ పీహెచ్ 5 దగ్గర్లో ఉంటుంది, అంటే గట్టు మీదే నిలబడి ఉన్నట్టు. దానికి వేడి తోడైతే ఇంకాస్త ముందే గడ్డకడుతుంది. ఫ్యాక్టరీ క్రీమ్‌ని హోమోజినైజ్ చేసినప్పుడు వెన్న బిందువుల చుట్టూ కేసీన్ పొరగా అంటుకుంటుంది. ఆ కేసీన్ గడ్డకడితే వెన్ననీ లాక్కుని పైకి తేలుతుంది. మీరు చూసిన తెల్ల తునకలు అవే. నూనె చుక్కలది వేరే కారణం. క్రీమ్ మరిగినా, ఫ్రీజర్‌కి ఆనించి పెట్టి ఓసారి గడ్డకట్టినా బిందువుల పొర చిరిగి వెన్న బయటపడుతుంది. అలా చెడ్డ ప్యాకెట్ ఇక కాఫీకి పనికిరాదు, కూరకి వాడేయండి.

ఇలా చేసి చూడండి. క్రీమ్‌ని ఫ్రిజ్ నుంచి తీసి గది వేడికి రానివ్వండి. కప్పులో ముందు క్రీమ్ వేసి, మరుగు తగ్గిన కాఫీని చెంచాడు చెంచాడు పోస్తూ కలపండి, సగం అయ్యాక మిగతాది పోసేయొచ్చు. మరిగే కాఫీలో చల్లటి క్రీమ్ కుమ్మరించడమే అసలు తప్పు.

కొలత కూడా చూసుకోండి. ఆ క్రీమ్‌లో వెన్న 25 శాతం ఉంటుంది. రెండు చిన్న చెంచాలు, అంటే 10 మి.లీ. వేస్తే 2.5 గ్రాముల వెన్న. 80 మి.లీ. టోన్డ్ పాలల్లో ఉండే వెన్న కూడా దాదాపు అంతే. 60 మి.లీ. టోన్డ్ పాలు, ఒక చిన్న చెంచా క్రీమ్ కలిపి పోస్తే క్రీమ్ ఒక్కటే వేసిన దానికన్నా మేలు, పాలల్లోని మాంసకృత్తులూ అందుతాయి.

ఇంతకీ మీ డికాక్షన్ ఎప్పటిది?

ప్రశ్న అడిగినవారు – సీతమ్మధార

రాత్రి తీసి పెట్టినదండి. పొద్దున మళ్లీ వేడి చేసి కలుపుతున్నాం.

జవాబు 2 – మధురవాడ

తునకల్లో సగం పాపం దానిదే. నిలవ ఉంచి మళ్లీ కాచిన డికాక్షన్ పులుపెక్కుతుంది. రాత్రిదే వాడాలంటే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పొద్దున దాన్ని పొయ్యి మీద పెట్టకుండా వేడి పాలే అందులో పోయండి. పాల మీదా కన్నేయండి. మన ఎండాకాలంలో ప్యాకెట్ కాసేపు బయట ఉన్నా పుల్లబడడం మొదలవుతుంది. అనుమానం ఉంటే గరిటెడు పాలు విడిగా కాచి చూడండి, విరిగితే గిన్నెడూ కాపాడుకున్నట్టే. బెల్లం కాఫీ అయినా ఇదే జాగ్రత్త: పాలు దించాకే బెల్లం, పొయ్యి మీద వేస్తే విరుగుతాయి.

జవాబు 3 – ఎంవీపీ కాలనీ

పొడుల గురించి రెండు మాటలు. పాలపొడి వేరు, డెయిరీ వైట్‌నర్ వేరు. వైట్‌నర్‌లో సాధారణంగా చక్కెర కలిపే ఉంటుంది, దాని మీద మళ్లీ చక్కెర వేస్తే తీపి మితిమీరుతుంది. పాలపొడి అయితే 100 మి.లీ. నీళ్లకి 12 గ్రాములు. మరిగే డికాక్షన్‌లో నేరుగా వేయొద్దు, ఉండ కడుతుంది. గోరువెచ్చటి నీళ్లు కొన్ని పోసి ముద్దలా కలిపి, తర్వాత పలచన చేయండి. కండెన్స్‌డ్ మిల్క్‌లో చక్కెరే 40 శాతం పైన ఉంటుంది, కప్పుకి 20 గ్రాములు చాలు. అది చిక్కటి చికోరీ డికాక్షన్‌కి నప్పుతుంది, మీ అరాబికాకి నప్పదు.

క్రీమర్ పొడి అంటే చాలావరకు గ్లూకోజ్ సిరప్, వనస్పతి నూనె. విరగకుండా ఫాస్ఫేట్ లవణాలు వేస్తారు కాబట్టి తునకలు రావు. కానీ పాల రుచి రాదు, నేనైతే సిఫారసు చేయను. పైగా ‘నాన్ డెయిరీ’ అని రాసి ఉన్నా అందులో తరచూ సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల నుంచి తీసినదే.

అందుకే ఇంట్లో పాలు పడనివారి విషయం ముందు తేల్చుకోండి. పాల చక్కెర అరగక కడుపు ఉబ్బరమైతే లాక్టోజ్ లేని పాలు సరిపోతాయి. అవి మామూలు పాలకన్నా తియ్యగా ఉంటాయి, చక్కెర అర చెంచా తగ్గించండి. పాలలోని మాంసకృత్తులే పడక దద్దుర్లు, ఆయాసం వస్తుంటే ఆ పాలూ వద్దు, కేసినేట్ ఉన్న క్రీమరూ వద్దు. వాళ్లకి సోయా, ఓట్స్, బాదం, కొబ్బరి పాలే.

సోయా పాలు కాఫీ పులుపుకి ఆవు పాలకన్నా త్వరగా విరుగుతాయి. వాటిని ముందు వెచ్చబెట్టి, కాఫీనే అందులోకి సన్నధారగా పోయాలి. కొబ్బరి పాలైతే మొదటి తీత వాడండి, మరగనివ్వకండి, నూనె విడిపోతుంది. కప్పుకి 40 మి.లీ. దాటితే కొబ్బరి రుచే మిగులుతుంది. ఓట్స్ పాలకి ఈ బెడద తక్కువ, అరాబికా పులుపుతో బాగానే కలుస్తాయి.